విదేశీ సెల్లర్ దగ్గర రెడీమేడ్ లిథియం ప్యాక్ నేరుగా కొన్నవాళ్లు ఉన్నారా?

పాత_ఇన్వర్టర్
ఇన్వర్టర్‌కి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీల పని అయిపోయింది. ఈసారి లిథియంకే వెళ్దామని నిర్ణయించేశాను, దాని మీద చర్చ వద్దు. చూస్తున్నది 51.2 వోల్టులు, 280 ఏహెచ్ (ఆంపియర్ అవర్), ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌తో ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చే ప్యాక్. బ్రాండెడ్ ప్యాక్ ధరలో దాదాపు సగానికే చైనా నుంచి ఒక సెల్లర్ నేరుగా పంపిస్తానంటున్నాడు. షిప్పింగ్, డ్యూటీ అన్నీ కలిపి గుమ్మం దాకా అతనిదే బాధ్యతట. గ్రేడ్ ఏ సెల్స్, 200 ఆంప్స్ స్మార్ట్ బీఎంఎస్ (సెల్స్‌ని కనిపెట్టుకుని ఉండే రక్షణ బోర్డు), 6000 సైకిల్స్ (ఛార్జ్, డిశ్చార్జ్ విడతలు), పదేళ్ల వారంటీ. చాట్‌లో అడిగిన నిమిషానికే జవాబిస్తున్నాడు, మర్యాదకు లోటు లేదు. అదే కాస్త అనుమానంగా ఉంది.

ఇలా నేరుగా తెప్పించుకున్నవాళ్లుంటే చెప్పండి. "కొనొద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, డబ్బు కట్టకముందు అతన్ని ఏమేం అడగాలో చెబితే మేలు.

రాగితీగ
బీఎంఎస్ ఏ కంపెనీది? ప్యాక్ బరువెంత? ముందు ఈ రెండూ చెప్పండి.

పాత_ఇన్వర్టర్
బీఎంఎస్ "స్మార్ట్, బ్లూటూత్" అనే రాశాడు, పేరు లేదు. బరువు 78 కిలోలని లిస్టింగ్‌లో ఉంది.

రాగితీగ
అయితే అక్కడే ఆగండి.

51.2 వోల్టులంటే 3.2 వోల్టుల సెల్స్ 16 వరసగా. 280 ఏహెచ్ సెల్ ఒక్కోటి, ఉదాహరణకు ఈవీఈ కంపెనీ వాళ్ల ఎల్ఎఫ్280కే మోడల్, దాదాపు 5.4 కిలోలు తూగుతుంది. పదహారు సెల్సే 86 కిలోలు దాటాయి. పైన ఇనుప పెట్టె, బస్‌బార్లు (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీలు), బ్రేకర్, బీఎంఎస్, కేబుళ్లు. అన్నీ కలిస్తే వంద దాటాలి, మామూలుగా 105 నుంచి 125 మధ్య ఉంటుంది. 78 కిలోల పెట్టెలో 280 ఏహెచ్ సెల్స్ పదహారు పట్టే మార్గమే లేదు.

లిస్టింగ్‌లో అంకె తప్పు పడి ఉండొచ్చు, కాదనను. కానీ 230 ఏహెచ్ సెల్ సుమారు 4.1 కిలోలు. పదహారుకి 65 చిల్లర, దానికి పెట్టె బరువు కలిపి చూడండి ఎంతొస్తుందో.

వోల్టు_వీర
ఖాళీ పెట్టెనే 78 కిలోలు చేసి పంపితే? ఇసుక పోసి?

రాగితీగ
అదీ జరగని పని కాదు. అందుకే బరువు సరిపోతే అసలుదని కాదు, సరిపోకపోతే మాత్రం అసలుది కాదు.

సైకిల్‌సత్తి
నా కేసు చిన్న ప్యాక్. ఎలక్ట్రిక్ సైకిల్‌కి 48 వోల్టులు 20 ఏహెచ్ అని నేరుగా తెప్పించాను. మొదటి వారం నుంచే రేంజ్ సగం. మూత తీయకుండా అడిగితే సెల్లర్ "మీ కంట్రోలర్ ఎక్కువ లాగుతోంది" అన్నాడు. నీలం రంగు ప్లాస్టిక్ తొడుగు బ్లేడుతో కోసి చూశాను.

లోపల 65 సెల్స్, అంటే 13 వరసలు, వరసకు ఐదు. 20 ఏహెచ్ రావాలంటే ఒక్కో సెల్ 4 ఏహెచ్ ఇవ్వాలి. మంచి కంపెనీ 18650 సైజు (వేలంత గుండ్రటి) సెల్సే మామూలుగా 3.5 ఏహెచ్ దగ్గర ఆగిపోతాయి. అంటే ప్రకటనలోనే లెక్క తప్పు, తెరవకుండానే తెలిసిపోయేది. పైగా కొన్ని సెల్స్ గులాబీ రంగు, కొన్ని ఆకుపచ్చ. నికెల్ పట్టీ పక్కనే పాత స్పాట్ వెల్డింగ్ చుక్కలు, పీకేసిన పట్టీ ముక్క ఒకటి ఇంకా అతుక్కునే ఉంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి ఊడదీసిన సరుకు. పైకి చూస్తే మేడిపండే.

చుక్కాని
డబ్బు వెనక్కి వచ్చిందా?

సైకిల్‌సత్తి
మూడో వంతు ఇస్తానన్నాడు. మొత్తం కావాలంటే ప్యాక్ తిప్పి పంపాలట. కొరియర్ వాడు లిథియం అని వినగానే చేతులెత్తేశాడు. ఆ మూడో వంతే తీసుకుని ఊరుకున్నాను.

మీటర్‌మామ
సత్తి చెప్పిన చివరి ముక్క అందరూ రెండుసార్లు చదవండి. మిగతా వస్తువులకీ దీనికీ తేడా అదే. ఫ్యాక్టరీకి పంపే ఏర్పాట్లుంటాయి, మామూలు మనిషికి వాపసు పంపే ఏర్పాట్లుండవు. విడిగా వచ్చే లిథియం అయాన్ బ్యాటరీకి రవాణాలో నంబర్ యూఎన్ 3480, ప్రమాదకర సరుకుల్లో 9వ తరగతి. 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో దీన్ని కార్గోగా వేయకూడదు. కార్గో విమానంలో వేసినా ఛార్జ్ 30 శాతం దాటకూడదు. మీ పేరున ప్యాకింగ్ చేసి, డిక్లరేషన్ రాసి, తిరిగి ఎక్కించే ఏజెంట్ దొరకడమే గొప్ప. దొరికినా ఆ ఖర్చు ప్యాక్ ధరతో పోటీ పడుతుంది.

కాబట్టి "రిటర్న్ పాలసీ ఉంది" అనే మాటను లెక్కలోంచి తీసేయండి. ఏం తేల్చుకున్నా డబ్బు కట్టే ముందే.

కందిరీగ
30 శాతం ఏమిటి, ఎందుకు?

మీటర్‌మామ
ఛార్జ్ తక్కువుంటే సెల్ వేడెక్కి అదుపు తప్పినా విడుదలయ్యే శక్తి తక్కువ, పక్క సెల్‌కి పాకే అవకాశమూ తక్కువ. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి బయల్దేరిన యూపీఎస్ 747 కార్గో విమానంలో లిథియం బ్యాటరీల సరుకు ఉన్నచోట మంటలు లేచాయి. విమానం కూలిపోయి పైలట్లిద్దరూ పోయారు. మరుసటి ఏడు ఆసియానా కార్గో విమానం సముద్రంలో పడింది, అందులోనూ లిథియం బ్యాటరీలున్నాయి. ఈ రూల్స్ ఊరికే రాలేదు.

కందిరీగ
ఓహో. థ్యాంక్స్ మామా.

గాలిమర
వ్యతిరేకంగా ఒక ఓటు. నేను 16 సెల్స్ ప్యాక్ నేరుగానే తెప్పించాను, సముద్రం మీదుగా వచ్చింది, బాగానే నడుస్తోంది. "విదేశీ" అనే మాటలో దోషం ఏమీ లేదు, సెల్స్ ఎలాగూ ఎక్కువ భాగం అక్కడే తయారవుతాయి. పక్క షాపులో కొన్న ప్యాక్ విప్పినా అవే సెల్స్ ఉంటాయి.

నేను కోరింది ఒక్కటే. నా ప్యాక్‌లో పెట్టబోయే పదహారు సెల్స్ క్యూఆర్ కోడ్ల ఫోటోలు, వాటికి సంబంధించిన ఫ్యాక్టరీ టెస్ట్ పట్టిక. ఒక్కో కోడ్ ఎదురుగా కెపాసిటీ, ఇంటర్నల్ రెసిస్టెన్స్ (సెల్ లోపలి నిరోధం) రాసి ఉంటాయి. ఆ కోడ్‌లో 24 అక్షరాలు, మొదటి మూడు తయారీదారువి, మధ్యలో మూడు అక్షరాలు తయారీ తేదీని చెబుతాయి. సరుకు వచ్చాక మూత తీసి అవే కోడ్లున్నాయో లేదో సరిచూశాను. ఈ పని చేస్తానని ముందే చెప్పాను కాబట్టి సెల్లర్ కూడా జాగ్రత్తగానే ఉన్నాడనిపించింది.

తర్కం
కోడ్ గీకేసి మళ్లీ లేజర్‌తో చెక్కిన సెల్స్ మార్కెట్‌లో కుప్పలుగా ఉన్నాయి. పట్టిక ఎక్సెల్‌లో పుట్టిస్తారు. రిపోర్ట్ ఫోటోషాప్‌లో పుట్టిస్తారు. ఇవన్నీ చూసి నమ్మితే ఇక చెప్పేదేముంది?

గాలిమర
గీకిన కోడ్ దగ్గరగా చూస్తే తెలుస్తుందండీ, చుట్టూ ఉపరితలం మెరుపు మారిపోయి ఉంటుంది. కొన్నిటికి కోడ్ మీద ఇంకో కోడ్ నీడలా కనిపిస్తుంది. నూటికి నూరు పాళ్లు పట్టుకోలేం, ఒప్పుకుంటాను. కానీ అడిగితే అబద్ధం చెప్పడానికి కష్టపడాలి. అడక్కపోతే ఆ కష్టం కూడా అక్కర్లేదు.

మీటర్‌మామ
తర్కం గారి అనుమానం న్యాయమే, అందుకే కాగితాన్ని కాగితం ఇచ్చినవాడి దగ్గర కాకుండా వేరే దగ్గర పరీక్షించాలి. యూఎన్ 38.3 రిపోర్ట్ (లిథియం బ్యాటరీల రవాణా భద్రతా పరీక్షలది) అడగండి. ఎత్తు, వేడి, కంపనం, కుదుపు, షార్ట్ సర్క్యూట్, ఓవర్‌ఛార్జ్ లాంటి పరీక్షలన్నీ అందులోకి వస్తాయి. 2020 జనవరి 1 నుంచి టెస్ట్ సమ్మరీ అడిగితే ఇవ్వాల్సిన బాధ్యత తయారీదారుకీ మధ్యలో అమ్మేవాళ్లకీ ఉంది. దాని మీద ల్యాబ్ పేరు, రిపోర్ట్ నంబర్ ఉంటాయి. ల్యాబ్ వెబ్‌సైట్‌లో వెతకండి, దొరక్కపోతే మెయిల్ పెట్టి అడగండి.

ఇంకో చిక్కు. చాలామంది సెల్ రిపోర్ట్ పంపించి ప్యాక్ రిపోర్ట్ అంటారు. 3.2 వోల్టులు, 896 వాట్ అవర్ అని ఉంటే అది ఒక్క సెల్‌ది. మీ ప్యాక్‌ది 51.2 వోల్టులు, 14,336 వాట్ అవర్ అని ఉండాలి, మోడల్ నంబర్ మీ ఇన్‌వాయిస్‌లో ఉన్నదే అయ్యుండాలి.

పాత_ఇన్వర్టర్
ఇందాకే చూశాను. నాకు పంపింది 3.2 వోల్టులదే.

వోల్టు_వీర
నిమిషంలో జవాబిచ్చేవాడికి నిమిషంలో దొరికిన కాగితం అది.

నిశ్శబ్దం
వారంటీ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నా ప్యాక్‌లో ఏడాది తిరక్కుండానే ఒక సెల్ దెబ్బతింది. మిగతావన్నీ 3.1 వోల్టుల దగ్గర ఉంటే అదొక్కటే 2.5 కి జారిపోయి బీఎంఎస్ మొత్తం ప్యాక్‌ని కట్ చేసేస్తుంది. అంటే పేరుకి 280, వాడుకలో అంతకు చాలా తక్కువ. సెల్లర్ వీడియో అడిగాడు, పంపాను. ఇంకో కోణంలో అడిగాడు, పంపాను. ఆఖరికి "కొత్త సెల్ ఇస్తాం, షిప్పింగ్ మీరు పెట్టుకోండి" అన్నాడు. సరేనని పెట్టె తెరిస్తే బస్‌బార్లన్నీ లేజర్ వెల్డింగ్. నట్లు లేవు. ఒక్క సెల్ మార్చాలంటే రెండు పక్కలా కోయాలి.

కొనేముందు అడగాల్సింది: బస్‌బార్లు బోల్ట్ వేసినవా, వెల్డ్ చేసినవా?

రాగితీగ
ఇది నేనూ ప్రతిచోటా చెప్పే మాట. అంత దూరం నుంచి కొనేటప్పుడు విప్పి బాగుచేసుకోగలిగేదే కొనాలి. బోల్ట్ టెర్మినల్స్, విడిగా దొరికే కంపెనీ బీఎంఎస్. జేకే, జేబీడీ, డేలీ లాంటివైతే పోయినా ఇంకోటి తెచ్చి బిగించుకోవచ్చు. ఊరూ పేరూ లేని బోర్డు అయితే యాప్ ఆగిపోయిన రోజున దాంట్లో ఏం జరుగుతోందో కూడా తెలీదు.

సముద్రనాథ్
విభేదిస్తున్నాను. వెల్డింగ్ సరిగ్గా చేస్తే బోల్ట్ కంటే నమ్మకం. బోల్ట్ జాయింట్ ఓడలో వారాల తరబడి ఊగి వదులవుతుంది. వదులైన చోట రెసిస్టెన్స్, రెసిస్టెన్స్ ఉన్నచోట వేడి. వంద ఆంప్స్ పారేటప్పుడు ఒక్క మిల్లీఓమ్ అదనంగా ఉన్నా అక్కడ 10 వాట్లు వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్ చిన్నది అక్కడే పెట్టి మరిచిపోయిన లెక్క. విప్పేవాడు సరిగ్గా బిగిస్తాడని గ్యారంటీ ఏమిటి?

రాగితీగ
రాగానే టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే రెంచ్) ఒకసారి అన్నీ చెక్ చేసుకోవాలి, అంతే. సెల్ తయారీదారు ఇచ్చిన టార్క్ మించకూడదు, ఆ అల్యూమినియం మరలు ఊరికే జారిపోతాయి. ఇన్సులేట్ చేసిన పనిముట్లు, చేతికి ఉంగరం గడియారం లేకుండా.

సముద్రనాథ్
చూశారా, రెడీమేడ్ అని కొన్నాక కూడా ఎంత పని ఉందో. ఇంత చేసేవాళ్లు విడి సెల్సే తెచ్చుకుని బిగించుకోవచ్చుగా!

గాలిమర
పదహారు సెల్స్ బిగించాక సన్న వైర్లు పదిహేడు బీఎంఎస్‌కి వరస తప్పకుండా కలపాలి. ఒక్కటి అటూ ఇటూ అయితే బోర్డు అక్కడికక్కడే పొగ. పెట్టె, ఇన్సులేషన్ షీట్లు, కంప్రెషన్, బ్రేకర్ అన్నీ విడివిడిగా వెతకాలి. చేతనైనవాళ్లకు హాయి. మొదటిసారి లిథియం ముట్టుకునేవాళ్లకు రెడీమేడ్ ప్యాక్ తప్పు కాదు. మూత తీసి చూసుకునేపాటి ధైర్యం మాత్రం ఉండాలి.

తర్కం
ఆ ధైర్యం లేనివాడు దగ్గర్లో సర్వీస్ ఉన్న బ్రాండ్ కొనుక్కోవాలి. రెట్టింపు ధరలో సగం ఫోన్ ఎత్తే మనిషి కోసమే.

పాత_ఇన్వర్టర్
తర్కం గారూ, ఆ ఫోన్ కూడా ఎత్తని బ్రాండ్ల అనుభవం నాకుంది, ఆ కథ వేరే. మూత తీయడానికి భయం లేదు.

గాలిమర గారూ, సరుకు దిగాక మొదటిరోజు ఏం చేశారో కాస్త వివరంగా చెప్తారా?

గాలిమర
ముందు టెన్షన్ పడ్డాను. మల్టీమీటర్ టెర్మినల్స్‌కి పెడితే సున్నా. సెల్లర్‌కి తిట్లతో మెసేజ్ టైప్ చేస్తుండగా మూత తీసి, బీఎంఎస్‌కి లోపలి వైపు, అంటే సెల్స్ మీదే నేరుగా పెట్టి చూస్తే 52 చిల్లర ఉంది. ప్రయాణం కోసం బీఎంఎస్‌ని నిద్రపుచ్చి పంపుతారు. బటన్ నొక్కితేనో, ఛార్జర్ తగిలితేనో లేస్తుంది. కొన్ని ఇన్వర్టర్లు ఎదుట వోల్టేజ్ కనిపిస్తే తప్ప ఛార్జింగ్ మొదలుపెట్టవు, ఇది ఛార్జింగ్ వస్తే తప్ప వోల్టేజ్ చూపించదు. రెండూ మొండివే. బటన్ ఉందో లేదో ముందే అడిగి పెట్టుకోండి.

తర్వాత బీఎంఎస్ యాప్‌లో సెల్స్ వోల్టేజ్ చూశాను. అన్నీ 3.29, 3.30. కానీ అది చూసి మురిసిపోకూడదు.

రాగితీగ
ఆ చివరి లైన్ కొంచెం విడమరుస్తాను, సెల్లర్లు ఎక్కువగా బురిడీ కొట్టించేది ఇక్కడే. పదహారు సెల్స్ మీద వరసగా మీటర్ పెట్టి "చూడండి సార్, అన్నీ 3.29, పర్ఫెక్ట్ మ్యాచింగ్" అని వీడియో పంపుతారు. ఎల్ఎఫ్‌పీ సెల్ వోల్టేజ్ 20 శాతం నుంచి 90 శాతం దాకా దాదాపు బల్లపరుపే. ఒక సెల్ 40 శాతంలో, ఇంకోటి 55 శాతంలో ఉన్నా మీటర్‌లో తేడా కొన్ని మిల్లీవోల్టులే. కెపాసిటీ గురించి అయితే ఆ అంకె అసలేమీ చెప్పదు. తేడాలు బయటపడేది పైకొసన 3.45 దాటాక, కిందికొసన 3.0 దిగాక.

అడిగితే వోల్టేజ్ వీడియో కాదు, పూర్తి ఛార్జ్ నుంచి పూర్తి డిశ్చార్జ్ వరకు సెల్స్ అన్నిటి గ్రాఫ్ అడగండి. ఇంటర్నల్ రెసిస్టెన్స్ అయితే 1 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిచింది. ఈ సైజు కొత్త సెల్‌కి పావు మిల్లీఓమ్ దాటకూడదు.

వోల్టు_వీర
గ్రాఫ్ కూడా ఎక్సెల్‌లోనే పుడుతుందని తర్కం గారు ఇప్పుడొచ్చి అంటారు.

తర్కం
అనను. అనుకున్నాను.

చుక్కాని
షిప్పింగ్ కాగితాల పని చేస్తాను కాబట్టి ఆ భాగం నేను చెప్తాను. సెల్లర్ "డ్యూటీతో సహా గుమ్మం దాకా" అన్నాడంటే డీడీపీ పద్ధతి. డ్యూటీ కట్టి తెచ్చే బాధ్యత అమ్మినవాడిది. మాట వినడానికి బాగుంటుంది. కానీ చవకగా డీడీపీ చేసే ఏజెంట్లలో కొందరు సరుకు పేరే మార్చేస్తారు. లిథియం బ్యాటరీ అనరు, "పవర్ సప్లై" అంటారు, "మెటల్ క్యాబినెట్" అంటారు. ప్రమాదకర సరుకు అని రాస్తే ఓడ వాళ్లు అదనంగా వసూలు చేస్తారు, అది తప్పించుకోవడానికి. పట్టుబడితే సరుకు ఆగిపోతుంది, పెట్టె మీద ఉన్న పేరు మీది. దారిలో ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాడు "మీరు డిక్లేర్ చేసింది ఇది కాదు కదా" అంటాడు. పెట్టెలో ఏముందో తెలీకుండా ఇంజిన్ పక్కన సర్దితే ఓడ మీద ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

అడగాల్సింది చాలా సూటిగా: ఇన్‌వాయిస్‌లో, ప్యాకింగ్ లిస్ట్‌లో ఏమని రాస్తావు? యూఎన్ 3480 అని ఉంటుందా? పెట్టె మీద 9వ తరగతి లేబుల్ ఉంటుందా? ప్రమాదకర సరుకు డిక్లరేషన్ కాపీ ఇస్తావా? దాటవేస్తే సంగతి అర్థమైపోతుంది.

ఇంకోటి, గుమ్మం అంటే గుమ్మం కాదు. రోడ్డు అంచు. నూట పదిహేను కిలోల పెట్టె లారీలోంచి దింపడం మీ పని. లిఫ్ట్ గేట్ ఉన్న బండి కావాలని ముందే రాయించుకోండి.

కందిరీగ
డబ్బు ఎలా కడతారు? నన్ను ఒక సెల్లర్ "ప్లాట్‌ఫామ్ బయట బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేస్తే ఐదు శాతం తగ్గిస్తా" అన్నాడు.

మీటర్‌మామ
ఆ ఐదు శాతమే మీకున్న ఏకైక రక్షణ ధర. వదులుకోవద్దు.

చుక్కాని
ప్లాట్‌ఫామ్ మీద కట్టినా ఫిర్యాదు గడువు ఎప్పటినుంచి లెక్కేస్తారో చదవండి. పంపిన తేదీ నుంచి లెక్కయితే ఓడ ఇంకా నీళ్ల మీద ఉండగానే గడువు అయిపోవచ్చు. సెల్లర్ "లేట్ అవుతోంది సార్, కాస్త ఓపిక పట్టండి" అంటూ మాటల్లో పెట్టేది కూడా ఆ గడువు దాటించడానికే. చేతికందిన తేదీ నుంచి గడువు మొదలయ్యేలా ఆర్డర్ కాంట్రాక్ట్‌లోనే రాయించుకోవచ్చు. కెపాసిటీ ఇంతకు తగ్గితే ఇంత వెనక్కి అని కూడా అందులోనే రాయించండి. చాట్‌లో చెప్పిన మాట వేరు, కాంట్రాక్ట్‌లో ఉన్న మాట వేరు.

నిశ్శబ్దం
+1. నా దగ్గర చాట్ స్క్రీన్‌షాట్లు ఫోల్డర్ నిండా ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు.

హిమబిందు
చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. సున్నా డిగ్రీల కింద ఎల్ఎఫ్‌పీని ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, మళ్లీ బాగుపడదు. బీఎంఎస్‌లో లో టెంపరేచర్ ఛార్జ్ కటాఫ్ ఉందని అందరూ రాస్తారు. కొన్ని ప్యాక్‌లలో బోర్డుకి ఆ సౌకర్యం ఉంటుంది కానీ సెన్సర్ వైర్ సెల్స్ మీద అంటించకుండా గాల్లో వేలాడుతూ ఉంటుంది.

రాగితీగ
నేనూ చూశాను అలాంటిది. సెన్సర్ బీఎంఎస్ హీట్‌సింక్ పక్కనే టేప్ వేసి ఉంది. దాని లెక్కలో ఏడాది పొడుగునా ఎండాకాలమే.

పాత_ఇన్వర్టర్
అప్‌డేట్. మీరు చెప్పినవన్నీ ఒక పేజీలో రాసి పంపాను. ఈసారి నిమిషంలో జవాబు రాలేదు, మర్నాడు వచ్చింది. బరువు 118 కిలోలట, లిస్టింగ్ "పాత మోడల్‌ది"ట. బీఎంఎస్ జేకే అన్నాడు. బోల్ట్ టెర్మినల్స్ అన్నాడు. ప్యాక్ 38.3 రిపోర్ట్ "ప్రాసెస్‌లో ఉంది". సెల్ పట్టిక అడ్వాన్స్ కట్టాకే. ఇన్‌వాయిస్‌లో ఏం రాస్తావంటే "ఆ చింత మీకొద్దు సార్, మా ఏజెంట్ ఎక్స్‌పర్ట్" అన్నాడు.

అదే ప్రశ్నలు ఇంకో ముగ్గురికీ పంపాను. ఒకామె మాత్రం అడిగినవన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి పంపింది. ప్యాక్ పేరుమీదే రిపోర్ట్, ల్యాబ్ నంబర్‌తో. ధర మొదటివాడి కంటే బాగా ఎక్కువ, కానీ బ్రాండెడ్ కంటే ఇంకా తక్కువే. పట్టిక మాత్రం సెల్స్ కేటాయించాకే ఇవ్వగలనంది.

గాలిమర
ఆమె చెప్పింది సబబే. సెల్స్ కేటాయించకముందు మీ పదహారు ఏవో ఆమెకీ తెలీదు. అడ్వాన్స్ తక్కువ పెట్టి, పట్టిక, ఫోటోలు చూశాకే మిగతాది, ఓడ ఎక్కించే ముందు అని షరతు పెట్టండి.

చుక్కాని
మొదటివాడి "ఆ చింత మీకొద్దు" అన్న వాక్యం దగ్గరే నేనైతే చాట్ మూసేసేవాణ్ణి.

సైకిల్‌సత్తి
నాదో ప్రశ్న. 6000 సైకిల్స్ అంటే రోజుకొకటి చొప్పున పదహారేళ్లు. వారంటీ పదేళ్లే ఎందుకు?

మీటర్‌మామ
ఆ అంకె సెల్ తయారీదారు ల్యాబ్‌లో వచ్చింది. 25 డిగ్రీల ఉష్ణోగ్రత, ఎల్ఎఫ్280కే అయితే 300 కిలోల బలంతో రెండు పలకల మధ్య నొక్కిపెట్టి, కెపాసిటీ 80 శాతానికి దిగేదాకా. మీ పెట్టెలో ఆ నొక్కుడు ఉండదు, ఆ 25 డిగ్రీలూ ఉండవు. పైగా సెల్ వాడినా వాడకపోయినా ఏళ్లతో పాటు కొంత కరుగుతుంది. పదేళ్ల వారంటీ ఇచ్చే కంపెనీ వయసు మూడేళ్లు కాకుండా ఉంటే అదే పదివేలు.

పాత_ఇన్వర్టర్
ఇన్వర్టర్‌తో క్యాన్ కమ్యూనికేషన్ ఉందంది ఆవిడ. అది ముఖ్యమా?

రాగితీగ
ఉంటే మంచిదే, ఛార్జ్ లిమిట్లు బ్యాటరీయే ఇన్వర్టర్‌కి చెప్పుకుంటుంది. "క్యాన్ ఉంది" అంటే వైరు దూర్చే కన్నం ఉందని మాత్రమే. మీ ఇన్వర్టర్ మాట్లాడే ప్రోటోకాల్ ఆ బీఎంఎస్ జాబితాలో ఉందో లేదో మోడల్ నంబర్‌తో అడగండి. లేకపోయినా కొంపలంటుకోవు, వోల్టేజ్ సెట్టింగ్స్ చేత్తో పెట్టుకోవచ్చు. 16 సెల్స్‌కి ఛార్జింగ్ 56 వోల్టుల దగ్గర ఆపితే చాలు. లెడ్ యాసిడ్ కోసం పెట్టిన ఈక్వలైజేషన్ (అప్పుడప్పుడు కావాలనే ఎక్కువ వోల్టేజ్ ఎక్కించే సెట్టింగ్) ఆఫ్ చేయడం మాత్రం మర్చిపోవద్దు.

ఫ్యూజ్ విడిగా కొనండి, టైప్ టీ. ఈ సెల్స్ షార్ట్ అయితే వేల ఆంప్స్ పారతాయి, మామూలు ఫ్యూజ్ తెగినా లోపల ఆర్క్ ఆగదు. పెట్టెలో వచ్చిన బ్రేకర్ మీద డీసీ వోల్టేజ్ రేటింగ్ ఉందో లేదో చూడండి. ఏసీ బ్రేకర్లు పెట్టి పంపినవి చూశాను.

పాత_ఇన్వర్టర్
కెపాసిటీ టెస్ట్‌కి లోడ్ ఏది పెట్టాలి? నా దగ్గర డీసీ లోడ్ టెస్టర్ లేదు.

గాలిమర
ఇన్వర్టర్ మీద గది హీటర్ వేయండి, 55 ఆంప్స్ దాకా లాగేలా చూసుకుంటే ఐదు గంటల పని. కానీ లెక్క ఏసీ వైపు తీసుకోవద్దు, ఇన్వర్టర్ తినేది కూడా బ్యాటరీ ఖాతాలో పడుతుంది. నెగటివ్ కేబుల్‌లో షంట్ మీటర్ (పారిన కరెంట్‌ని లెక్కగట్టే మీటర్) పెట్టి ఏహెచ్ చదవండి. ముందు పైదాకా ఛార్జ్ చేసి, సెల్స్ అన్నీ సమానమయ్యేదాకా ఆగండి. బీఎంఎస్ బ్యాలెన్సర్ చిన్నదైతే దానికి రోజులు పడుతుంది.

మీటర్‌మామ
షంట్ డిస్‌ప్లే, గోడ గడియారం, ప్యాక్ సీరియల్ నంబర్ మూడూ ఒకే ఫ్రేమ్‌లో పడేలా ఫోన్ స్టాండ్ మీద పెట్టి, మొదటినుంచి చివరిదాకా కట్ లేకుండా తీయండి. పెట్టె పగలగొట్టేటప్పుడు కూడా అంతే. ఫోన్ ఛార్జర్‌కి తగిలించే ఉంచండి, ఐదు గంటలు ఆగదు.

వోల్టు_వీర
ఆ హీటర్ ముందు ఐదు గంటలు కూర్చునేది ఎవరు?

పాత_ఇన్వర్టర్
కూర్చుంటాను. బ్యాటరీ ఎదురుగానే ఉండాలని మా ఆవిడ కండిషన్, ఎలాగూ.